బడిపంతులు నుండి స్పీకరు దాకా – మాడభూషి అనంతశయనం అయ్యంగారు

డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఈ ఏడు మన సంఘం వారు మనం చేసిన ఉద్యోగాలు అన్న విషయం ఎంచుకున్నారు. సభ్య మిత్రులు ఎవరి సర్వీసు ముచ్చట్లు వారు రాస్తున్నారు. నన్నూ రాయమన్నారు. నాది ట్రెజరీ ఉద్యోగం. చేరింది ఆ శాఖలోనే, దిగింది ఆ శాఖలోనే. మధ్యలో మారినవి ఊళ్ళు, పై అధికారులు, రిజిస్టరు అట్టల రంగులు. అందులో రాయదగ్గది నాకైతే కనిపించలేదు. కాబట్టి నా సంగతి పక్కన పెట్టి, మన జిల్లాలో పుట్టి ఉద్యోగాలు మార్చి మార్చి చాలా దూరం వెళ్ళిన ఒక పెద్దాయన సంగతి రాస్తున్నాను.

ఈ ఆలోచన రావడానికి కారణం కూడా చెబుతాను. మొన్న నెలవారీ సమావేశం అయ్యాక టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే ఒక మిత్రుడు మనవడి గురించి దిగులు పడ్డాడు. ఆ పిల్లవాడికి ముప్పై ఏళ్ళు కూడా రాలేదు, అప్పుడే మూడో కంపెనీ. మన కాలంలో ఒకసారి ఆర్డరు చేతికి వస్తే రిటైరయ్యే దాకా ఆ కుర్చీయే. ఇప్పటి పిల్లలకు నిలకడ లేదని తలా ఒక మాట అన్నాము. నేనూ అన్నాను. ఇంటికి వస్తుంటే దారిలో అనంతశయనం అయ్యంగారు గుర్తుకు వచ్చారు. ఆయన నిలకడ లేని మనిషని ఎవరైనా అనగలరా? కాని లెక్క పెడితే బడిపంతులు, వకీలు, సత్యాగ్రహి, ఖైదీ, శాసనసభ్యుడు, రాజ్యాంగ సభ సభ్యుడు, డిప్యూటీ స్పీకరు, స్పీకరు, గవర్నరు, ఆ తరువాత సంస్కృత విద్యాపీఠం అధ్యక్షుడు. మా ట్రెజరీ సర్వీసు రిజిస్టరులో అయితే ఇన్ని ఎంట్రీలకు పేజీలు చాలవు.

మాడభూషి అనంతశయనం అయ్యంగారు 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. అమ్మవారి గుడి ఉన్న ఆ ఊరు అప్పుడు చిత్తూరు జిల్లాలో లేదు. అసలు చిత్తూరు జిల్లాయే లేదు. చంద్రగిరి, తిరుపతి ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేది. ఆ జిల్లాకు ముఖ్య పట్టణం మాత్రం చిత్తూరే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు.

చిన్న చదువు తిరుపతిలో. అక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కూడా 1896 నుండి 1900 దాకా తిరుపతిలోని లూథరన్ మిషను బడిలో చదువుకున్నారు. అంటే ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో, ఇద్దరు పిల్లలు పలక పట్టుకుని తిరిగారన్నమాట. ఆ ఇద్దరూ పెద్దవాళ్ళయ్యాక ఏమయ్యారో ముందు చెబుతాను.

తిరుపతి చదువు తరువాత అయ్యంగారు మద్రాసు వెళ్ళారు. పచ్చయ్యప్ప కళాశాలలో బి.ఎ., లా కాలేజీలో 1913లో బి.ఎల్. మన ప్రాంతం వారికి ఆ రోజుల్లో పట్నం అంటే మద్రాసే. కోర్టు పనికైనా, వైద్యానికైనా, చదువుకైనా రేణిగుంటలో రైలు ఎక్కవలసిందే.

మొదటి జీతం 1912లో, లెక్కల మేష్టరుగా. వయస్సు 21. లెక్కల మేష్టరుకు ఎక్కడైనా గౌరవం ఉంటుంది. ఆ పనిలోనే ఉండి ఉంటే హెడ్మాష్టరు అయ్యేవారు, 55 ఏళ్ళకు పెన్షను తీసుకునేవారు. ఇంట్లోవాళ్ళు ఏమన్నారో ఏమో, 1915లో బడి వదలి వకీలు వృత్తిలోకి వచ్చారు. నెల జీతం వదలి, కక్షిదారు ఎప్పుడు వస్తాడో తెలియని వృత్తిలోకి రావడం చిన్న సాహసం కాదు. కొత్త ప్లీడరుకు మొదటి అయిదేళ్ళూ నల్లకోటు చాకలి ఖర్చు కూడా రాదని కోర్టు వరండాల్లో అనుకునే మాట మన న్యాయశాఖ మిత్రులకు తెలుసు.

చిత్తూరు కోర్టుల్లో పనికి కరువు లేదు. చుట్టూ కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు వంటి జమీందారీలు, వాటి శిస్తు తగాదాలు, చెరువు నీళ్ళ తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు. అయ్యంగారికి జ్ఞాపకశక్తి అసాధారణం. ఏ హైకోర్టు ఏ సంవత్సరంలో ఏ తీర్పు ఇచ్చిందో పుస్తకం తెరవకుండా చెప్పగలిగేవారట. తీర్పుల సంపుటమే కాళ్ళు వచ్చి నడుస్తున్నట్టు తోటి వకీళ్ళు ఆయనను చెప్పుకునేవారు. లెక్కలు చెప్పిన బుర్ర కదా. చిత్తూరు న్యాయవాదుల సంఘానికి అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. 1915 నుండి 1950 దాకా, మధ్యలో తెగుతూ అతుకుతూ, ఆయన వృత్తి వకాల్తాయే.

ఆ తెగడం దగ్గర కొంచెం ఆగాలి.

గాంధీగారు సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చినప్పుడు ప్లీడర్లు కోర్టులు వదలాలన్నది అందులో ఒక షరతు. అయ్యంగారు 1921–22లో ఏడాది పాటు ప్రాక్టీసు మానేశారు. మన భాషలో చెప్పాలంటే జీతం నష్టంపై సెలవు. కాని మన సెలవుకూ దీనికీ తేడా ఉంది. మనం సెలవు ముగిశాక జాయినింగు రిపోర్టు ఇస్తే కుర్చీ అక్కడే ఉంటుంది. ప్లీడరు ఏడాది కనిపించకపోతే కక్షిదారు పక్క గది ప్లీడరు దగ్గరకు పోతాడు, తిరిగి రాడు. ఆరేళ్ళుగా కూడబెట్టుకున్న పేరును బల్ల మీద పెట్టి లేచి వెళ్ళడం అది. ఏడాది తరువాత వచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ నిలదొక్కుకున్నారు. జాతీయోద్యమం పని, హరిజనులకు దేవాలయ ప్రవేశం, అస్పృశ్యతా నివారణ పని వృత్తితో పాటు సాగింది. అయ్యంగారు శ్రీవైష్ణవ కుటుంబంలో, తిరుచానూరు వంటి క్షేత్రంలో పుట్టినవారు. ఆయనకు ఈ పని ఇంటా బయటా ఎంత మాట పడనిచ్చి ఉంటుందో పాఠకులు ఊహించగలరు.

1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికలు వచ్చాయి. దత్త మండలాలు, చిత్తూరు కలిపి ఒక నియోజకవర్గం. అంటే బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు అన్నీ ఒకే సీటు కింద. ఓటు హక్కు అప్పుడు అందరికీ లేదు, ఆస్తి, పన్ను లెక్కన కొందరికే ఉండేది. అయినా ఆ విస్తీర్ణం తిరగాలి కదా. కాంగ్రెసు అభ్యర్థిగా అయ్యంగారు పెద్ద ఆధిక్యంతో గెలిచారు. వయస్సు 43. చిత్తూరు జిల్లా కోర్టు నుండి ఢిల్లీ, సిమ్లా సభలకు మారారు. కేంద్ర బడ్జెట్టు మీద, రైల్వే బడ్జెట్టు మీద మాట్లాడే సభ అది. లెక్కల మేష్టరు, వకీలు ఇద్దరూ అక్కడ పనికి వచ్చారు.

తరువాత జైలు. 1940–41లో వ్యక్తి సత్యాగ్రహంలో ఒకసారి, క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 నుండి 1944 దాకా ఇంకొకసారి. యాభై దాటిన వయస్సు. మనలో ఆ వయస్సుకు బి.పి. మాత్రలు మొదలవుతాయి, పిల్లల పెళ్ళిళ్ళు తలకెక్కుతాయి. వకీలు జైల్లో ఉంటే ఇంటికి ఫీజు రాదు. జైలు జీవితం గురించి పుస్తకాలు రాసినవారు చాలామంది ఉన్నారు. వారి ఇళ్ళల్లో నెల సరుకులు ఎలా వచ్చాయో రాసినవారు తక్కువ. నేను ట్రెజరీ మనిషిని కాబట్టి నా చూపు అటే పోతుంది.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభ మొదలైంది. అయ్యంగారు మద్రాసు నుండి సభ్యులు. వయస్సు లెక్క చూడండి, 55. ఆ రోజుల్లో సర్కారు నౌకరీలో పదవీ విరమణ వయస్సు అదే. బడిలోనే ఉండి ఉంటే సరిగ్గా ఆ ఏడు పూలదండ వేయించుకుని ఇంటికి వచ్చేవారు. మన రాష్ట్రంలో 1983లో 58 నుండి 55కు తగ్గించినప్పుడు ఒక్క కలం పోటుతో ఎంతమంది ఇళ్ళకు వచ్చారో మనకు తెలుసు. తరువాత మళ్ళీ 58 చేశారు, 2014లో 60, 2022లో 62. కాని ఆ 1983 నాటి నెల మాత్రం అప్పుడు దెబ్బ తిన్నవారి ఇళ్ళల్లో ఇంకా చెప్పుకుంటారు. అలాంటి 55వ ఏట ఈయన జీవితంలో ముఖ్యమైన భాగం మొదలైంది.

రాజ్యాంగ సభ దాదాపు మూడేళ్ళు కూర్చుంది. 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. అయ్యంగారు ఆ చర్చల్లో తరచుగా మాట్లాడిన సభ్యుల్లో ఒకరు. మన సంఘానికి దీనితో నేరుగా సంబంధం ఉంది. డిసెంబరు 17ను మనం పండుగ చేసుకునేది 1982లో ఆ రోజున సుప్రీం కోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు వల్ల. ఫలానా తేదీకి ముందు రిటైరైనవారికి ఒక పెన్షను, తరువాతివారికి ఒక పెన్షను అని విడదీయడం చెల్లదన్న తీర్పు అది. దానికి ఆధారం రాజ్యాంగం 14వ అధికరణం, చట్టం ముందు సమానత్వం. ఆ అధికరణం చర్చకు వచ్చి నిలబడిన సభలో మన తిరుచానూరు ఆయన సభ్యులు. ప్రతి నెలా మొదటి తారీఖున పాసు పుస్తకం చూసుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే బాగుంటుంది.

రాజ్యాంగ సభే అప్పుడు పార్లమెంటుగా కూడా పని చేసేది. దానికి 1948లో ఈయన డిప్యూటీ స్పీకరు అయ్యారు. స్పీకరు గణేశ్ వాసుదేవ్ మావలంకర్ గారు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో తిరుపతి నుండి లోక్‌సభకు గెలిచి మళ్ళీ డిప్యూటీ స్పీకరు. ఈ కాలంలో ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికంటే నచ్చినది స్పీకరు కుర్చీ పని కాదు, అంచనాల సంఘం పని.

1950 ఏప్రిల్‌లో పార్లమెంటులో అంచనాల సంఘం ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షులు అయ్యంగారు. ఈ సంఘం ఏమి చేస్తుందో మన ఆడిటు, అకౌంట్సు మిత్రులకు చెప్పనక్కరలేదు గాని, ఇంట్లో వాళ్ళ కోసం రాస్తాను. ప్రభుత్వ శాఖలు ఏటా ఇంత డబ్బు కావాలని అంచనాలు పెడతాయి. సభలో అవి అన్నీ వివరంగా చూసే తీరిక ఉండదు. చాలా పద్దులు చర్చ లేకుండానే చివరి రోజు ఒక్కసారి ఓటుకు పోతాయి. అందుకని కొద్దిమంది సభ్యులు విడిగా కూర్చుని, ఒక్కొక్క శాఖను తీసుకుని, అధికారులను పిలిపించి ప్రశ్నలు అడుగుతారు. ఇంతమంది సిబ్బంది ఎందుకు, ఈ పని ఇంకా తక్కువలో కాదా, ఈ ఆఫీసు పని ఆ ఆఫీసు కూడా చేస్తున్నదేమి, అని. విధానం మంచిదా చెడ్డదా అన్నది వారి పని కాదు. ఆ విధానాన్ని పొదుపుగా నడుపుతున్నారా అన్నదే. ఖర్చయిపోయిన డబ్బు మీద ఆడిటు అభ్యంతరాలు చూసేది పబ్లిక్ అకౌంట్సు కమిటీ. ఇది దానికి అన్న వంటిది, ముందు నుండే చూస్తుంది.

స్వతంత్రం వచ్చిన కొత్త. పెద్ద ఆనకట్టలు, కొత్త కర్మాగారాలు, కొత్త కార్యాలయాలు. డబ్బు తక్కువ, ఆశలు ఎక్కువ. అధికారులకేమో ఎన్నికైన సభ్యులు ఎదురుగా కూర్చోబెట్టి లెక్క అడగడం కొత్త అనుభవం. అలాంటి సమయంలో 59 ఏళ్ళ వయస్సులో మొదలుపెట్టి ఆరేళ్ళ పాటు ఆ సంఘాన్ని నిలబెట్టారు. చట్టం తెలిసి, లెక్క తెలిసి, ప్రశ్న అడగడం తెలిసిన మనిషి దొరకడం ఆ సంఘానికి అదృష్టం. పంతులు పని మూడేళ్ళు, ప్లీడరు పని ముప్పై ఏళ్ళు వృథా పోలేదని ఇక్కడ తెలుస్తుంది. ఒక పనిలో నేర్చినది ఇంకొక పనిలో ఎప్పుడు అక్కరకు వస్తుందో ముందు తెలియదు. మా మిత్రుని మనవడి విషయంలో నేను తొందరపడి మాట్లాడానని నాకు ఇక్కడే అనిపించింది.

1956 ఫిబ్రవరి 27న మావలంకర్ గారు మరణించారు. మార్చి 8న అయ్యంగారిని స్పీకరుగా ఎన్నుకున్నారు. వయస్సు 65. 1957లో చిత్తూరు నుండి గెలిచి, మే 11న రెండవ లోక్‌సభకు ఏకగ్రీవంగా మళ్ళీ స్పీకరు.

ఇప్పుడు ఆ ఇద్దరు తిరుపతి పిల్లల సంగతి. 1952 నుండి 1962 దాకా ఉపరాష్ట్రపతిగా రాజ్యసభకు అధ్యక్షులు రాధాకృష్ణన్ గారు. 1956 నుండి 1962 దాకా లోక్‌సభకు స్పీకరు అయ్యంగారు. అంటే ఆరేళ్ళ పాటు భారత పార్లమెంటు రెండు సభలనూ నడిపినవారు పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో పుట్టి తిరుపతిలో అక్షరాలు దిద్దినవారు. ఇద్దరూ జీవితం మొదలుపెట్టింది పాఠాలు చెప్పే పనితోనే. మన ఊళ్ళో పిల్లలకు ఇది చెప్పే బడి ఎక్కడైనా ఉందేమో, నాకు కనబడలేదు.

స్పీకరు కుర్చీలో ఆయన ఉన్న ఆరేళ్ళలో సభ ముందుకు వచ్చినవి చిన్న విషయాలు కావు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 1956లో వచ్చి, నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడింది. జీవిత బీమా సంస్థ ఏర్పడిందీ ఆ ఏడే. ఆ సంస్థ డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో పెట్టిన వ్యవహారాన్ని 1957 డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ సభలో బయటపెట్టారు. అడిగినది పాలక పక్షం సభ్యుడు, పైగా ప్రధానమంత్రి అల్లుడు. ఇబ్బంది పడినది అదే పక్షం ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి. చర్చ సాగింది, విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేశారు. పాలిసీదారుల డబ్బుకు సభ కాపలా కాసిన సందర్భం అది. అప్పుడు కుర్చీలో ఉన్నది అయ్యంగారు.

ఇంకొకటి మన జిల్లా వ్యవహారమే. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య సరిహద్దు తగాదా పటాస్కర్ గారి మధ్యవర్తిత్వంతో తేలింది. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ప్రాంతం మన చిత్తూరు జిల్లాకు వచ్చింది. తన సొంత జిల్లాను కోసి అతికే బిల్లు సభలో నడుస్తుంటే స్పీకరు ఏ పక్షమూ మాట్లాడకూడదు. ఓట్లు సమానమైతే తప్ప ఓటు కూడా వేయకూడదు. రాజ్యసభ కుర్చీలో ఉన్నవారికేమో పుట్టిన ఊరే సరిహద్దు దాటిపోతున్నది. ఇద్దరూ ఆ రోజు మనసులో ఏమనుకున్నారో గాని, కుర్చీల పని కుర్చీలు చేశాయి.

1961లో రెండు ఘట్టాలు. వరకట్న నిషేధ బిల్లు మీద లోక్‌సభకూ రాజ్యసభకూ ఏకాభిప్రాయం కుదరలేదు. అలా కుదరనప్పుడు ఉభయసభలూ కలిసి కూర్చోవాలని రాజ్యాంగంలో ఉంది, ఆ సమావేశానికి స్పీకరు అధ్యక్షత వహించాలి. అంతకు ముందు అలా ఎప్పుడూ జరగలేదు. 1961 మే 6, 9 తేదీల్లో భారతదేశ చరిత్రలో మొదటి ఉభయసభల సంయుక్త సమావేశం జరిగింది. అధ్యక్షులు అయ్యంగారు. బిల్లు చట్టమయింది. అటువంటి చట్టం ఉండి కూడా మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఎలా జరిగాయో, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు ఎక్కడికి పోయిందో మనలో ఆడపిల్లల తండ్రులకు తెలుసు. దాని తప్పు చట్టానిది కాదు. ఆ తరువాత బిల్లు మీద సంయుక్త సమావేశం జరిగింది రెండే సార్లు, 1978లో, 2002లో.

రెండవది ఆగస్టు 29. బ్లిట్జ్ పత్రికలో ఆచార్య కృపలానీ గారిని కించపరుస్తూ వచ్చిన వ్యాసం సభా హక్కులకు భంగమని తేలింది. సంపాదకుడు ఆర్.కె. కరంజియాను లోక్‌సభకు పిలిపించి, సభ ముందు నిలబెట్టి స్పీకరు మందలించారు. కృపలానీ గారు అప్పుడు ప్రతిపక్షం మనిషి. సభ్యుడు ఏ పక్షం వాడైనా సభ గౌరవం ఒకటేనని చూపించిన సందర్భంగా దీనిని కొందరు చెబుతారు. పత్రికల స్వేచ్ఛకు ఇది మంచిదేనా అని అడిగేవారు కూడా ఉన్నారు. ఆ ప్రశ్న అడగదగ్గదే. సంపాదకుని నిలబెట్టి మందలించడం నా మట్టుకు నాకు కొంచెం ఎక్కువగానే అనిపిస్తుంది.

ఇన్ని ఏళ్ళు సభలో గడిపిన అనుభవంతో అవర్ పార్లమెంట్ అనే పుస్తకం ఆయన ఆంగ్లంలో రాశారు.

1962 ఎన్నికల్లో చిత్తూరు నుండి మళ్ళీ గెలిచారు. కాని స్పీకరుగా కొనసాగలేదు, లోక్‌సభ సభ్యత్వం వదలి బీహారు గవర్నరుగా వెళ్ళారు. ఖాళీ అయిన చిత్తూరు సీటుకు ఉప ఎన్నిక జరిగితే స్వతంత్ర పార్టీ తరఫున ఆచార్య ఎన్.జి. రంగా గారు గెలిచారు. గుంటూరు జిల్లా రైతు నాయకుడు మన చిత్తూరు నుండి పార్లమెంటుకు వెళ్ళడానికి కారణం అదీ.

బీహారులో జాకిర్ హుస్సేన్ గారు ఉపరాష్ట్రపతి కావడంతో ఆ స్థానంలో 1962 మేలో చేరారు. వయస్సు 71. గవర్నరు జీతం అప్పుడు రాజ్యాంగం రెండవ షెడ్యూలు ప్రకారం నెలకు 5,500 రూపాయలు. పెన్షను ఊసు అందులో లేదు. పార్లమెంటు సభ్యులకు పెన్షను వచ్చింది 1976లో. ఈ పదవుల్లో ఎక్కువ భాగం ఆయన చేసిన కాలంలో వాటికి పెన్షను లేదు. మాస్టరు ఉద్యోగం వదలిన నాడే ఆ మాటకు నీళ్ళు వదిలేశారు.

బీహారులో చివరి రెండేళ్ళు సుఖంగా గడవలేదు. 1966–67లో వానలు లేక ఘోరమైన కరువు వచ్చింది. 1967లో కొన్ని ప్రాంతాల్లో క్షామం ఉన్నట్టు ప్రభుత్వమే అధికారికంగా ప్రకటించవలసి వచ్చింది. జయప్రకాశ్ నారాయణ్ గారు సహాయక చర్యలకు పూనుకున్నారు. రాయలసీమలో పుట్టినవారికి కరువు కొత్త కాదు. గంజి కేంద్రాలు, ఎండిన చెరువులు, ఊరు వదలి పోయే బళ్ళు మన తాతలు చూసినవే. అదే ఏడు ఎన్నికల్లో కాంగ్రెసు మెజారిటీ కోల్పోయి, మహామాయా ప్రసాద్ సిన్హా నాయకత్వంలో మొదటి కాంగ్రెసేతర ప్రభుత్వం వచ్చింది. జీవితమంతా కాంగ్రెసులో గడిపిన మనిషి, కాంగ్రెసును ఓడించి వచ్చిన ముఖ్యమంత్రి చేత ప్రమాణం చేయించారు. స్పీకరు కుర్చీలో నేర్చిన పాఠం ఇక్కడ పనికి వచ్చింది. 1967 డిసెంబరులో గవర్నరు పదవి ముగిసింది. అప్పటికి 76 ఏళ్ళు దాటాయి.

మన లెక్కలో ఇక విశ్రాంతి. ఆయన సర్వీసు రిజిస్టరులో మాత్రం ఇంకొక పేజీ ఉంది.

సంస్కృత విద్యకు దేశంలో ఉన్నత సంస్థ ఒకటి కావాలని, సునీతి కుమార్ చటర్జీ గారి అధ్యక్షతన ఏర్పడిన సంస్కృత కమిషను సిఫార్సు చేసింది. దాని ఫలితంగా 1961లో తిరుపతిలో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం ఏర్పడింది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు స్థలం ఇచ్చారు. 1962 జనవరిలో శంకుస్థాపన చేసినది రాధాకృష్ణన్ గారు. విద్యాపీఠం సంఘానికి తొలి అధ్యక్షులు సుప్రీం కోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి గారు. ఆయన తరువాత అధ్యక్షులు అనంతశయనం అయ్యంగారు. రాజభవనంలో ఉండి వచ్చిన పెద్దమనిషి, కట్టడం పూర్తికాని ఒక చదువుల సంస్థ పనికి పూనుకున్నారు. అధ్యాపకుల నియామకాలు, హాస్టలు, గ్రంథాలయం, ఢిల్లీ నుండి గ్రాంటు తెప్పించడం, ఏ సంస్థకైనా మొదటి రోజుల్లో ఉండే పనులు ఇవే. డబ్బు మంజూరు చేసే వైపు నుండి అంచనాల సంఘంలో ప్రశ్నలు వేసిన మనిషి, డబ్బు అడిగే వైపుకు వచ్చి కూర్చున్నారు. ఈ తమాషా ట్రెజరీ వాళ్ళకే బాగా అర్థమవుతుంది.

బడిపంతులుగా మొదలైనవారు చివరకు చదువుల చెంతకే వచ్చారు. సంస్కృతానికి చేసిన సేవకు హరిద్వారం దగ్గరి గురుకుల కాంగడీ వారు విద్యామార్తాండ బిరుదు ఇచ్చారు. 1978 మార్చి 19న, 87వ ఏట కన్నుమూశారు. ఉభయసభల రెండవ సంయుక్త సమావేశం జరిగింది ఆ ఏడు మే నెలలోనే.

విద్యాపీఠం 1987లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. 2020లో పార్లమెంటు చేసిన చట్టంతో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అయింది. ఆయన పుట్టిన తిరుచానూరు ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి చిత్తూరు జిల్లాకు, మద్రాసు రాష్ట్రం నుండి 1953లో ఆంధ్ర రాష్ట్రానికి, 1956లో ఆంధ్ర ప్రదేశ్‌కు మారింది. 2022 ఏప్రిల్ 4 నుండి అది తిరుపతి జిల్లాలో ఉంది. లైఫ్ సర్టిఫికెట్టు పని మీద తిరుపతికి వచ్చే సభ్యులు వీలైతే ఆ విశ్వవిద్యాలయం ఆవరణ ఒకసారి చూసి వెళ్ళగలరు.